అక్క కొలతలు

భుజాలు నాకంటే ఒక వేలెడు వెడల్పు అని ఎందుకు చెప్పాను, నా కొలతలే అక్క కొలతలు అంటే ఆ మాటతో పోయేది కదా, నోటి దురద కాకపోతే, ఇప్పుడు చూడు, ఈ గౌను నా నడుము దగ్గర బుద్ధిగా కూర్చుని భుజాల దగ్గర మాత్రం లేచి నిలబడింది, లోపల నాతోపాటు ఇంకెవరో దూరినట్టు, కదలకు పిల్లా అంటోంది ఇంటావిడ, నోటినిండా గుండుసూదులు పెట్టుకుని అంటోంది కనుక మాట పళ్ళ సందులోంచి ఈలలా వస్తోంది, నాలుగు నెలల కిందట ఈ ఇంట్లో దిగినప్పుడు ఆవిడ మామూలుగా మాట్లాడినా ముక్క అర్థమయ్యేది కాదు, ఇప్పుడు సూదుల మధ్య నుంచి అన్నా అర్థమవుతోంది, భాష రావడం అంటే ఇదే కాబోలు, స్పానిష్ చదువుకోవడానికి ఒక సెమిస్టరు ఈ దేశం వచ్చి, కాలేజీ వాళ్ళు చూపించిన ఈ కుట్టుపనావిడ ఇంట్లో ఒక గది తీసుకుని, వీళ్ళతోనే తిని వీళ్ళతోనే మాట్లాడి, ఆఖరికి నేను నేర్చుకున్న విద్య ఇది, ఎత్తుపీట ఎక్కి నిలబడి పోయిన మనిషికి కొలతలివ్వడం.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు, ఒట్టు, ఇక్కడికి వచ్చిన రెండో రోజు భోజనాల బల్ల దగ్గర, ఇంటావిడా, ఆవిడ చెల్లెలూ, నేనూ, ఆ చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది, పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నం తిండికి ఇక్కడికే వస్తుంది, వచ్చి అక్కతో ఏదో ఒకటి పెట్టుకుని, తింటూ పోట్లాడి పోట్లాడుతూ తిని వెళ్తుంది, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు అని అడిగారిద్దరూ, అమ్మ, నాన్న, అంటూ రెండు వేళ్ళు ముడిచాను, మూడో వేలు దానంతటదే ముడుచుకుంది, తెంగో ఉనా ఎర్మానా, నాకొక అక్క ఉంది, ఉంది అనేశాను, అంతకుముందు ఏడాదంతా మా ఊళ్ళో ఈ భాష చదివాను, భూతకాలం పాఠాలు బట్టీపట్టి పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, అయినా నోరు తెరిస్తే వర్తమానమే ఊడిపడేది, అలా ఊడిపడింది అని సరిపెట్టుకున్నాను, నెపానికేం, వెతికితే గంపెడు దొరుకుతాయి, మర్నాడైనా సరిదిద్దుకోవచ్చుగా, నిఘంటువు సంచిలోనే ఉంది, తియ్యలేదు, ఎందుకంటే ఉంది అనగానే ఆ ఇద్దరి ముఖాలూ వెలిగాయి, ఓహో నువ్వూ చిన్నదానివేనా అని బస్సావిడ నా వీపు చరిచింది, పెద్దదాని పెత్తనం పడేవాళ్ళ సంఘంలో ఇవాళ్టి నుంచి మనం ఇద్దరం అంది, పెద్దది లేకపోతే ఈపాటికి ఆ బస్సుని ఏ గోడకో ఆనించేదానివి అంది ఇంటావిడ, నేను నవ్వాను, రెండేళ్ళ తర్వాత అక్క ఉన్న ఇంట్లో కూర్చున్నట్టు నవ్వాను.

అక్కడితో ఆగినా బాగుండేది, అబద్ధానికి తిండి పెట్టకపోతే అదే చస్తుంది, నేను రోజూ పెట్టాను, మీ అక్క ఏం చేస్తోంది అంటే బళ్ళో లెక్కలు చెప్తోంది అన్నాను, అది ఒకప్పటి నిజమే, తర్వాత జలుబు చేసింది అన్నాను, కొత్త కళ్ళజోడు పెట్టించుకుంది, జుట్టు కత్తిరించుకుంది, వేరే బడికి మారుదామనుకుంటోంది, కొత్త క్రియాపదం ఏది నేర్చుకున్నా ముందు అక్కకి తొడిగి చూసేదాన్ని, ఇంటావిడ నమ్మేది, నమ్మి ఊరుకుంటేనా, జలుబుకి ఆవిరి పట్టమని చెప్పు, జుట్టు మరీ పొట్టిగా వద్దని చెప్పు అని కబురు పెట్టేది, చెప్పావా అని మర్నాడు అడిగేది, ఏమంది అనేది, ఏమందో నేనే అనాల్సి వచ్చేది, అక్కకి ఒక్క ముక్క రాని భాషలో అక్కనై అనాల్సి వచ్చేది, మూడో నెల వచ్చేసరికి ఆ గొంతు నాకు నిజంగానే వినపడటం మొదలైంది, క్లాసులో నాకు జవాబు తట్టకపోతే వెనక బెంచీలోంచి అందించేది, బస్సులో కిటికీ పక్కన ఖాళీ సీటు కనిపిస్తే కూర్చోబోయి తటపటాయించేదాన్ని, అందుకు భయం వెయ్యలేదు, ఒకరోజు కాలేజీ మెట్లు దిగుతూ అక్క అసలు గొంతు గుర్తు తెచ్చుకుందామని చూస్తే రాలేదు, ఎంత పిలిచినా ఈ కొత్త అక్కే పలికింది, వ్యాకరణం తప్పుల్లేకుండా, ఆచితూచి, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడే అక్క, అప్పుడు మాత్రం గోడ పట్టుకుని నిలబడిపోయాను, కిందటి నెల మళ్ళీ నోరు జారి ఇవాళ మా అక్క పుట్టినరోజు అన్నాను, ఎన్నో ఏడు అంటే ముప్ఫై అన్నాను, ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయిన మనిషికి ఈ ఇంట్లో ముప్ఫై నిండాయి, ముప్ఫయ్యే, అయితే నా చేత్తో ఒక గౌను కుట్టి నీతో పంపిస్తాను అని ఇంటావిడ అలమార తెరిచి, ఎన్నేళ్ళ నుంచి దాచుకుందో, ముదురు నీలం గుడ్డ తీసింది, టేపు మెళ్ళో వేసుకుని, ఊఁ, కొలతలు చెప్పు అంది.

ఈ భాషలో భూతకాలాలు రెండు, ఇక్కడి కాలేజీలో టీచరు బోర్డు మీద ఒక చుక్క పెట్టి పక్కన ఒక గీత గీసింది, చుక్క అంటే జరిగి అయిపోయింది, గీత అంటే జరుగుతూ ఉండేది, మొదలెక్కడో చివరెక్కడో మనకి పట్టదు అంది, మిగతావాళ్ళంతా తలలు పట్టుకున్నారు, నాకు ఇట్టే అర్థమైంది, మనకి లేనిదా, నవ్వింది, నవ్వేది, అంతే కదా, పోయినవాళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు ఎవరూ నేర్పకుండానే మనం గీతలోకి దిగిపోతాం, ఇలా తినేది, ఇలా కూర్చునేది, ఇలా అనేది, రెండేళ్ళుగా అమ్మ నోట అన్నీ గీతలే, చనిపోవడానికి ఉదాహరణ నువ్వు చెప్పు అంది టీచరు నన్నే, మురియో అనాలి, చనిపోయింది అని, నోరు రాలేదు, మన చెవికి అది చావులా ఉండదు, మురియో, మురిసిపోవడంలా ఉంటుంది, మా అక్క మురిసింది, పొద్దున్న బడికి వెళ్ళి పదకొండింటికి స్టాఫ్ రూములో నోటుపుస్తకాల కట్ట మీదికి మురిసిపోయింది, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అన్నారు, రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే అన్నాడు డాక్టరు, వరండాలో, చేతులు తుడుచుకుంటూ, ఆ మాట అమ్మ పట్టుకుంది, నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదే నా తల్లి, అంత బాధ కడుపులో దాచుకుని బడికెళ్ళిందే అని, వచ్చినవాళ్ళంతా అందుకున్నారు, అవును పాపం, ఏదీ బయటపడనిచ్చేది కాదు, తనలోనే దాచుకునేది, నేను గోడకి ఆనుకుని వింటున్నాను, మా అక్కా, తనలో దాచుకోవడమా, కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరి దాకా వినిపించేది, చెప్పలేదన్నది అబద్ధమని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, ఇవాళ చెప్దాం అనుకున్నాను, రేపు అనుకున్నాను, పన్నెండో రోజు అయ్యాక అనుకున్నాను, తర్వాత మూడో ఏడులో ఉన్న డాక్టరు చదువు మానేసి ఈ భాషలో చేరాను, ఎందుకే అని నాన్న అడిగితే ఇష్టం అన్నాను, ఏ మాటా సరిగ్గా రాని చోటికి పోతే ఏ మాటా చెప్పక్కర్లేదు అనుకున్నానేమో.

తలుపు గంట, బస్సావిడ, డ్యూటీ చొక్కాతోనే వచ్చింది, గుమ్మంలోనే ఆగి, అబ్బ ఎంత బాగుందే అంది, అంటూనే, పొడవెక్కువైంది, మోకాళ్ళ దాకా చాలు అంది, నీకేం తెలుసు, బళ్ళో చెప్పే మనిషి, పిక్కల దాకా ఉండాలి అని ఇంటావిడ అంచు మడిచి సుద్ద గీత పెట్టింది, తొడుక్కునేది నువ్వా, మరి నువ్వా, కుట్టేది నేను, కుడితే అయిపోయిందా, ఇద్దరూ నా కాళ్ళ దగ్గర కూర్చుని గౌను చెరొక పక్క లాగుతున్నారు, ఎదురుగా నిలువుటద్దం, అందులో గౌను భుజాలు నా భుజాల్ని దాటి నిలబడ్డాయి, ఎవరో నా వెనకాల నిలబడి నన్ను తొడుక్కున్నట్టు ఉంది, తల తిప్పకూడదు అనుకున్నాను, మనం కొట్టుకోవడం ఎందుకు, ఆ పిల్లనే అడిగితే పోలా అంది బస్సావిడ, నాకు మొదట అర్థం కాలేదు, ఏదీ నీ ఫోను, ముఖం కనబడేట్టు చెయ్యి, గౌను చూపిద్దాం, ఎంత పొడవు కావాలో ఆమే చెప్తుంది, నాలుగు నెలల్నించీ వినడమే గానీ ఒక్కసారైనా చూపించావా మీ అక్కని, అంటూ బల్ల మీది నా ఫోను తీసి చేతిలో పెట్టేసింది, వద్దు అన్నాను, ఏం, నిద్రపోతోందా, కాదు, బళ్ళో ఉందా, కాదు, మరేమిటి, పోట్లాడుకున్నారా, కాదు, మి ఎర్మానా, మొరీయా, అన్నాను, చుక్క పెట్టబోయి గీత గీశాను, అక్క చనిపోతూ ఉండేది, ఇంటావిడ సూది పట్టిన చెయ్యి అలాగే ఆగింది, చనిపోతోందా, మీ అక్కా, ఎప్పట్నించి, జలుబన్నావు కదే, బస్సావిడ అప్పుడే సంచి భుజాన వేసుకుంది, మరి ఇంకా ఈ పీట మీద నిలబడతావేం, దిగు, విమానానికి టికెట్టుందేమో చూద్దాం, దిగవే, కాదు కాదు, మురియో, మురియో అన్నాను, రెండుసార్లు అన్నాను, అయిపోయింది, రెండేళ్ళవుతోంది, నేను ఇక్కడికి రాకముందే, మీరు నన్ను చూడకముందే అయిపోయింది.

ఇంటావిడ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటీ తీసి మణికట్టుకి కట్టుకున్న దూదిదిండులో గుచ్చింది, తొందరేమీ లేదు ఆవిడకి, ఆఖరి సూది గుచ్చాక, మరి నేనిది ఎవరికి కుడుతున్నట్టు అంది, నన్ను కాదు, గుడ్డని అడిగినట్టు అంది, లేచి లోపలికి వెళ్ళిపోయింది, వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, కడగడానికి గిన్నెల్లేవు, నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి, బస్సావిడ నా నడుం పట్టుకుని చిన్నపిల్లని దింపినట్టు దింపింది, గుచ్చుకోకుండా ఒక్కొక్క సూదీ తీస్తూ, ఎలా పోయింది అంది, ఆ గొంతులో జాలి లేదు, బస్సులో ఎక్కడ దిగాలి అని అడిగినట్టే ఉంది, అందుకే చెప్పగలిగాను, నా దగ్గరున్నవి చిన్న చిన్న మాటలు, తెలుగులో అయితే నెపాలు అల్లేదాన్ని, పరీక్ష అనేదాన్ని, ఆ వయసుకి ఎవరనుకుంటారు అనేదాన్ని, ఈ భాషలో నాకంత చేతకాదు, పొద్దున, వంటిల్లు, నేను చదువుతున్నాను, అక్క ఛాతీలో నొప్పి అంది, వీపులోకి పొడుస్తోంది అంది, నేను డాక్టరు చదువు చదివేదాన్ని, అందుకని నన్ను అడిగింది, నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు, గాలి అన్నాను, గ్యాస్ అనడానికి వీళ్ళేమంటారో నాకు రాదు, గాలి, ఏం లేదు, సోడా తాగి వెళ్ళు అన్నాను, అక్క తాగింది, వెళ్ళింది, మురియో, ఈసారి తప్పు రాలేదు.

మీ అమ్మకి తెలుసా అంది బస్సావిడ, తెలీదు, ఏమనుకుంటోంది మరి, అక్క ఎవరికీ చెప్పలేదనుకుంటోంది, మీ అక్క అంత మాట్లాడని మనిషా, కాదు అన్నాను, వాగుడుకాయ అనడానికి ఏమనాలో తెలియక వేళ్ళతో నోరు మూసి తెరిచి మూసి తెరిచి చూపించాను, ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వు ఆపుకుంది, అలాంటిది చెప్పకుండా పోయిందంటే కన్నతల్లి ఎలా నమ్మిందే అంది, ఎలా నమ్మింది, నేను నోరు మూసుకున్నాను కాబట్టి నమ్మింది, ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ నమ్మారు, నాన్న అక్క ఫొటో ముందు నిలబడి, ఎందుకమ్మా అంత మొండితనం అని ఫొటోనే అడుగుతాడు ఇప్పటికీ, కుళాయి చప్పుడు ఆగింది, ఇంటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది, చేతులు తడి, కళ్ళు ఎర్రగా, నాతో అబద్ధమాడావు అంది, నాలుగు నెలలు అదే బల్ల మీద నా తిండి తింటూ ఆడావు, నీకు రెండేళ్ళేమో, నాకు ఆ పిల్ల ఇవాళే పోయింది, ఇందాక కూడా ఆమె కోసం అంచు మడిచాను, అంటే ఊరుకోవే పసిది అంది బస్సావిడ, పసిదేమీ కాదు, ఈ వయసుకి నిన్ను నేను పెంచి పెద్ద చేశాను అంది ఇంటావిడ, తర్వాత నా దగ్గరికి వచ్చి, గౌను భుజాల మీంచి లాగి విప్పి, నా చొక్కా నాకిచ్చి, చలేస్తుంది తొడుక్కో అంది, ఆవిడ కోపంగానే ఉంది, తిడుతూనే ఉంటుంది కూడా, అయినా బొత్తాలు ఆవిడే పెట్టింది.

ఫోను ఇంకా చేతిలోనే ఉంది, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే మళ్ళీ ఇంకో రెండేళ్ళు, నాకు తెలుసు నా సంగతి, అందుకని అక్కడే, వాళ్ళిద్దరి మధ్యా, కత్తిరించిన ముక్కల మధ్యా కుర్చీలో కూర్చుని నొక్కాను, ముఖం లేకుండా, ఒట్టి మాట, అక్కడ దీపాలు పెట్టే వేళ, అమ్మ టీవీ ముందు ఉంటుంది, ఏమే, ఈ వేళప్పుడు చేశావేం, ఒంట్లో బాగుందా, తిన్నావా, తిన్నానమ్మా, అమ్మా, అక్క చెప్పిందమ్మా, ఎవరు, ఏ అక్క, మన అక్కే, ఆ రోజు పొద్దున్న, నొప్పిగా ఉందని నాతో చెప్పింది, గ్యాస్ అన్నాను నేను, సోడా తాగి వెళ్ళమన్నాను, నీకు చెప్పలేదు నేను, టీవీ చప్పుడు ఆగిపోయింది, అమ్మ ఊపిరి వినిపిస్తోంది, ఈ నిమిషం కోసం రెండేళ్ళు సిద్ధమై ఉన్నాను, నువ్వే చంపావే అంటుంది, నా కడుపున చెడబుట్టావు అంటుంది, ఫోను పెట్టేస్తుంది, ఏదన్నా పడాలి, పడతాను, చెప్పిందా అంది అమ్మ, గొంతు అమ్మది కానట్టుంది, నీకు చెప్పిందా, అవునమ్మా, ఏమని చెప్పింది, నొప్పని, అలా కాదు, అదెలా అందో అలా చెప్పు, నీ మాటలొద్దు, దాని మాటలు చెప్పు.

నేను నోరు తెరిచాను, ఏదీ రాదేమో అనుకున్నాను, ఆ పాఠం అప్పజెప్పే అక్కే వస్తుందేమో అనుకున్నాను, ఏమే డాక్టరమ్మా, అని వచ్చింది, అక్కే, గట్టిగా, వంటింట్లోంచి, ఏమే డాక్టరమ్మా నా ఛాతీ మీద మా హెడ్మిస్ట్రెస్ కూర్చున్నట్టుందే, దిగమంటే దిగడం లేదు, ఏదైనా మాత్ర ఉంటే పారెయ్ అందమ్మా, అమ్మ దగ్గర నవ్వో ఏడుపో తెలియని చప్పుడు, ఊఁ, ఇంకా, గ్యాస్ అన్నానా, నీ మొహం, నిన్న నువ్వు చేసిన ఉప్మా అది, గ్యాస్ కాక ఏమవుతుంది అంది, సోడా తాగి త్రేన్చి, చూశావా, ఒక మెట్టు దిగింది ఆవిడ అంది, ఇంకా, నీ చేతిరాత చూసి మందులిచ్చేవాడు విషం ఇస్తాడే అని నా పుస్తకం లాక్కుంది, ఇంకా, చెప్పులు వేసుకుంటూ నీ గురించి అడిగింది, అమ్మ గుడి నుంచి రాలేదా ఇంకా, వస్తే మేడ మీద బట్టలు తియ్యమను, వానొచ్చేట్టుంది, నువ్వు ఎలాగూ తియ్యవు అంది, గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి గొడుగు తీసుకుంది, ఇంకా, ఇంకా ఏమంది, అమ్మ ఒక్క మాట కూడా పోనివ్వడం లేదు, ఎదురుగా ఇంటావిడా చెల్లెలూ ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదలకుండా వింటున్నారు, నేనెందుకలా అన్నానో అమ్మ ఇంతవరకూ అడగలేదు, అడుగుతుంది, రేపో ఎల్లుండో, ఆ లెక్క ఆ లెక్కే, దానికి నేను తలొంచుకునే ఉంటాను, కానీ ఇన్నాళ్ళూ నేను తాళం వేసింది నా ఒక్క మాటకే అనుకున్నాను, ఆ తాళం వెనక అక్క ఆఖరి పావుగంటంతా ఉండిపోయింది, నవ్వుతూ, వాగుతూ, అమ్మ కోసం వెతుక్కుంటూ, అది అమ్మది, నాది కాదు, ఇంకా చెప్పు అంటోంది అమ్మ, చెప్తున్నాను.